ఫాస్ఫేట్ 0.02 అని చూపిస్తున్నా రాళ్ళ నిండా జుట్టు నాచు: పొరపాటు ఎక్కడ జరుగుతోంది?

నీలిగది | మార్చి 2

అందరికీ నమస్కారం. ఉప్పు నీటిలో పగడాలూ చేపలూ పెంచే నా రీఫ్ ట్యాంకు మొదలుపెట్టి ఏడు నెలలైంది. పైన తొట్టి, కింద వడపోత సామాను ఉండే తొట్టి (సంప్) కలిపి, రాళ్ళూ ఇసుకా ఆక్రమించిన చోటు తీసేస్తే అసలు నీరు 250 లీటర్లు ఉంటుందని లెక్క వేసుకున్నాను. జీవాలతో సహా తెచ్చే లైవ్ రాక్‌తో పాటు అక్కరలేనివి కూడా వస్తాయన్న భయంతో పూర్తిగా ఎండిన రాళ్ళతోనే (డ్రై రాక్) మొదలుపెట్టాను. రెండు క్లౌన్ చేపలు, ఒక రాయల్ గ్రామా, ఒక గోబీ, పగడాల చుట్టాలైన కొన్ని జోయాంథిడ్‌లు, ఒక హ్యామర్ పగడం, రెండు మాంటిపోరా పగడపు ముక్కలు (ఫ్రాగ్‌లు), ఏడెనిమిది నత్తలు. ఇదీ నా సంసారం.

నాలుగో నెలలో ఒక రాయి అంచున గోరంత పచ్చదనం కనబడింది. ట్యాంకుకు ప్రాణం వస్తోందని అప్పట్లో సంతోషించాను కూడా. ఇవాళ స్కేలు పెట్టి కొలిస్తే పోగులు నాలుగు సెంటీమీటర్లు ఉన్నాయి. అలలు పుట్టించే వేవ్‌మేకర్ తిరిగినప్పుడల్లా రాళ్ళన్నీ గాలికి పైరు ఊగినట్టు ఊగుతున్నాయి. జోయాంథిడ్‌లు నాచు మధ్య మూసుకుపోయి నాలుగు రోజులుగా విచ్చుకోవడం లేదు.

ఉప్పుదనం 35, వేడి 25.5 డిగ్రీలు, ఆల్కలినిటీ (క్షారత్వం) 8.2 డీకేహెచ్, నైట్రేట్ 1 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాము). ఫాస్ఫరస్‌ను పీపీబీ (పీపీఎంలో వెయ్యో వంతు)లో కొలిచే చెకర్ అనే మీటరు 7 చూపించింది, దాన్ని ఫాస్ఫేట్‌గా మార్చడానికి 3.066తో హెచ్చవేసి వెయ్యితో భాగిస్తే ఫాస్ఫేట్ 0.02 పీపీఎం. అందరూ 0.03 నుంచి 0.1 మధ్య ఉంటే చాలంటారు, నాది అంతకన్నా తక్కువే ఉంది. అలాంటప్పుడు ఈ నాచు ఏం తిని బతుకుతోంది? వారానికి 15 శాతం నీళ్ళు మారుస్తున్నాను, లైట్లు రోజుకు 11 గంటలు వెలుగుతాయి. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పగలరు.

జీరోనీరు | మార్చి 2

తిండి లేకుండా ఏ మొక్కా పెరగదు. నాచు పెరుగుతోందంటే ఫాస్ఫేట్ ఉన్నట్టే, మీ మీటరు ఏం చూపించినా సరే. నీరు తిరిగే గొట్టం (రియాక్టర్)లో ఫాస్ఫేట్‌ను పీల్చే ఇనుప గుళికలు (జీఎఫ్ఓ) వేయండి, వారానికోసారి మార్చండి, చేపలకు తిండి సగానికి తగ్గించండి. నా ట్యాంకులో ఆరేళ్ళుగా ఫాస్ఫేట్ 0 చూపిస్తోంది, కంటికి కనిపించే నాచు పోగు ఒక్కటి కూడా లేదు.

నత్తలగుంపు | మార్చి 2

నీలిగది గారూ, 250 లీటర్ల నీటికి ఏడెనిమిది నత్తలంటే ఎకరం గడ్డికి రెండు మేకల్ని తోలినట్టు. పైగా ఏ రకం నత్తలో చెప్పలేదు. సెరిత్‌లూ నసారియస్‌లూ అయితే అవి ఇసుకలో తిరిగే రకాలు, రాళ్ళ మీది నాచు జోలికి అంతగా పోవు. ట్రోకస్, టర్బో జాతులైతేనే రాయిని శుభ్రంగా గీకుతాయి. ఆస్ట్రియా అనే నత్త కూడా బాగానే తింటుంది కానీ, వెల్లకిలా పడితే తనంతట తాను లేవలేదు. మీరు చూడకపోతే హెర్మిట్ పీతలు చూస్తాయి.

నాచు విషయంలో మనం పోషకాల గురించి మాట్లాడినంతగా మేత గురించి మాట్లాడం. సముద్రంలో జరిగింది ఒక్కసారి చూడండి. 1983లో పనామా కరీబియన్ తీరంలో మొదలైన ఒక జబ్బు, ఏడాది తిరిగేలోపు కరీబియన్ అంతటా పాకి ముళ్ళబంతుల్లా ఉండి నాచు తినే, డయడీమా అనే పొడుగు ముళ్ళ అర్చిన్‌లలో నూటికి తొంభైకి పైగా చంపేసింది. జమైకాలో చేపల్ని అతిగా పట్టడం వల్ల నాచు తినే చేపలు అప్పటికే తగ్గిపోయి ఉన్నాయి. 1980 నాటి తుపాను పగడాలను విరిచేసింది. మిగిలిన మేత కాపరులు ఆ అర్చిన్‌లే, అవీ పోయాయి. 1970ల చివర్లో సగం దాకా పగడాలతో కప్పి ఉన్న అక్కడి దిబ్బలు 1990ల తొలినాళ్ళకు నాచు మేట్లయ్యాయి. మన ట్యాంకుల్లో కూడా నాచు రోజూ పుడుతూనే ఉంటుంది. పుట్టినది పుట్టినట్టు తినేవాళ్ళుంటే మన కంటికి కనిపించదు, అంతే తేడా.

అయితే ఒక మాట. నాలుగు సెంటీమీటర్లు పెరిగిన పోగుల్ని చాలా నత్తలు ముట్టవు. ముందు మీరు చేత్తో పీకాలి, ఆ తరవాత వాటిని దించాలి.

పగడపుతోట | మార్చి 3

పై ఇద్దరూ చెప్పినదాంట్లో నిజముంది. కానీ మందు వేసే ముందు రోగం పేరు తెలుసుకోవడం మంచిది. మనం జుట్టు నాచు అని పిలిచేది ఒక్కటి కాదు. డెర్బీసియా ఉంది, బ్రయాప్సిస్ ఉంది, ఇంకా పొట్టిగా గరుకుగా రాయిని కరుచుకుని ఉండే టర్ఫ్ రకాలున్నాయి. ఒక చిటికెడు పీకి, తెల్లటి పళ్ళెంలో ఉప్పు నీళ్ళు పోసి అందులో పరిచి చూడండి. సన్నటి దారాల్లా కలగలిసిపోయి ఉంటే డెర్బీసియా కావచ్చు. నడుమ ఒక ఈనె ఉండి దానికి రెండు వైపులా ఈకలాగా కొమ్మలు విచ్చుకుని ఉంటే అది బ్రయాప్సిస్. బ్రయాప్సిస్‌ని చాలా జీవులు తినవు కాబట్టి నత్తల కోసం చేసే ఖర్చు వృథా. దానికి ఫ్లుకోనజోల్ అనే ఫంగస్ మందును లీటరుకు 5 మిల్లీగ్రాముల లెక్కన వేసి, మందును పీల్చేసే కార్బన్ వడపోత తీసేసి, రెండు మూడు వారాలు ఓపిక పట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. డెర్బీసియాకు కూడా అది పనిచేస్తుంది కానీ, అక్కడ నేను మందు దాకా వెళ్ళను.

ఇక మీ అసలు ప్రశ్న. చెకర్‌లో మీరు చూసే సంఖ్య, నాచు తినగా నీటిలో మిగిలింది. అది ఎంత తింటోందో ఆ సంఖ్య చెప్పదు. ఇంటికి రోజుకు ఎన్ని సరుకులు వస్తున్నాయో తెలియకుండా, రాత్రి డబ్బాలో మిగిలిన గింజలు లెక్కపెట్టినట్టు ఉంటుంది. పైగా ఆ చెకర్‌కు అటూ ఇటూ 5 తేడా వచ్చే వీలుంది. మీ 7 నిజానికి 2 కావచ్చు, 12 కూడా కావచ్చు, అంటే ఫాస్ఫేట్ 0.006 నుంచి 0.037 దాకా ఎక్కడైనా ఉండవచ్చు. ఆ సంఖ్య చూసి ధైర్యపడనూ అక్కరలేదు, దాన్ని ఇంకా తగ్గించాలని తాపత్రయపడనూ అక్కరలేదు.

డ్రై రాక్‌తో మొదలుపెట్టారు కాబట్టి నా అనుమానం రాళ్ళ మీదికే పోతోంది. అవి ఏదో ఒక కాలంలో సముద్రంలో ఉన్న రాళ్ళే అయితే, చచ్చిన జీవాల ఫాస్ఫేట్ వాటి రంధ్రాల్లో, సున్నపు పొరల్లో అంటుకుని ఉంటుంది. నీటిలో తగ్గేకొద్దీ రాయి వదులుతుంది, ఆ రాయి మీదే వేళ్ళూనిన నాచు అది నీటిలో కలవకముందే అందుకుంటుంది. మీ పరీక్షకు అది దొరకదు.

నేనైతే ఇలా చేస్తాను. చేతికి వచ్చే రాళ్ళను ఒక్కొక్కటిగా బకెట్‌లోకి తీసి, ట్యాంకు నీళ్ళలోనే గట్టి టూత్‌బ్రష్‌తో రుద్ది, ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ పెడతాను. ట్యాంకులోపలే రుద్దితే తెగిన ప్రతి ముక్కా ఇంకోచోట నాటుకుంటుంది. లైటు ఎనిమిది గంటలకు తగ్గిస్తాను. నత్తలగుంపు గారు చెప్పినట్టు ట్రోకస్‌లను పాతిక దాకా దశలవారీగా దించుతాను. జీఎఫ్ఓ వేయాల్సి వస్తే ప్యాకెట్ మీద రాసినదానిలో పావు వంతుతో మొదలుపెడతాను. ఫాస్ఫేట్ ఒక్కసారిగా పడిపోతే ముందు దెబ్బ తినేవి పగడాలే.

ఉప్పుబకెట్ | మార్చి 3

అందరూ మరచిపోయే ఒక చిన్న విషయం. ఆవిరైన నీటికి బదులు పోసే, లవణాలు తీసేసిన ఆర్‌ఓడీఐ నీటిని పరీక్షించారా? కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటర్ 0 చూపించినంత మాత్రాన సరిపోదు. చివరి వడపోత గుళికలు (డీఐ రెజిన్) అయిపోవస్తున్నప్పుడు మీటరు కదలకముందే సిలికేట్ జారుకుంటుంది. సిలికేట్‌తో పెరిగే గోధుమరంగు సూక్ష్మ నాచు (డయాటమ్‌లు) గాజు మీద రోజూ పేరుకుంటుంటే ముందు రెజిన్ మార్చి చూడండి.

నీలిగది | మార్చి 4

చాలా కృతజ్ఞతలు. పళ్ళెంలో పరిచి చూశాను. ఈనె లేదు, ఈకలు లేవు, తడిసిన దూది పోగుల్లా ఉంది. కాబట్టి డెర్బీసియానే అనుకుంటాను. రెజిన్ గత నెలలోనే మార్చాను, గాజు మీద గోధుమరంగు లేదు. నత్తల్లో ఐదు నసారియస్‌లే, సిగ్గుగా ఉంది.

దాచడం ఎందుకు, పగడపుతోట గారి సమాధానం చదివేలోపే నిన్న సాయంత్రం జీఎఫ్ఓ రియాక్టర్ నడపడం మొదలుపెట్టేశాను. రాసిన మోతాదుకు రెట్టింపు వేశాను. తిండి కూడా రోజు విడిచి రోజుకు మార్చాను. ఫలితం కోసం రెండు వారాలు చూస్తాను.

నీలిగది | మార్చి 19

శుభవార్త. నాచు చివరలు తెల్లబడి, పీకకుండానే గుప్పెళ్ళకొద్దీ ఊడి వస్తోంది. మూడు రాళ్ళు పూర్తిగా బయటపడ్డాయి. నైట్రేట్ పరీక్షలో రంగే రావడం లేదు, చెకర్ వరసగా మూడు రోజులు 0 చూపించింది. మాంటిపోరా రంగు కాస్త పాలిపోయింది, అది లైటు మార్చినందువల్లేమో. జీరోనీరు గారికి ప్రత్యేక ధన్యవాదాలు.

జీరోనీరు | మార్చి 19

ముందే చెప్పాను. ఇదే పట్టున ఇంకో నెల కొనసాగించండి.

పగడపుతోట | మార్చి 20

దయచేసి కొనసాగించకండి. పాలిపోయిన మాంటిపోరా లైటు గురించి కాదు, ఆకలి గురించి చెబుతోంది. రియాక్టర్ ఇవాళే ఆపండి, చేపలకు మామూలుగా తిండి పెట్టండి. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ కనిపించకుండా పోయిన కొత్త ట్యాంకులో ఖాళీ అయిన రాళ్ళ మీద తరవాత ఎవరు కాపురం పెడతారో నేను రెండుసార్లు చూశాను. మూడోసారి చూడాలని లేదు.

నీలిగది | మార్చి 29

పగడపుతోట గారూ, మీ మాట పది రోజుల క్రితమే వినాల్సింది. పెనం మీంచి పొయ్యిలో పడ్డాను.

మొన్న ఇసుక మీద ఒక గోధుమరంగు పొర కనిపించింది. ఉదయం లైట్లు వెలిగేసరికి దాదాపుగా ఉండదు. మధ్యాహ్నానికి చీమిడిలాంటి తీగలు రాళ్ళ మీంచి, ఫ్రాగ్‌ల మీంచి వేలాడుతుంటాయి. ప్రతి తీగ చివరా ఆవగింజంత గాలిబుడగ. పైపుతో పీల్చేస్తే మరుసటి రోజుకు అంతే మళ్ళీ వస్తోంది. కొత్తగా దించిన పన్నెండు ట్రోకస్‌లలో నాలుగు గాజు మీంచి జారి ఇసుకలో పడి ఉన్నాయి. తిప్పి పెడితే కాలు బయటికి చాపుతాయి కానీ పట్టు దొరకడం లేదు. రెండు చనిపోయాయి. నిన్న 30 శాతం నీళ్ళు మార్చాను, ఇవాళ ఇంకా ఎక్కువైంది.

కొత్తఅల | మార్చి 29

నాకు కూడా మొదటి నెలలో గోధుమరంగు వచ్చి దానంతట అదే పోయింది, డయాటమ్‌లు కావచ్చు. లేకపోతే సయానో మందు ఒక మోతాదు వేసి చూడకూడదా?

సూక్ష్మదర్శిని | మార్చి 30

ఆ మందు వేయకండి. సయానో అంటే బ్యాక్టీరియా. అది ఎరుపో, ఊదానో, నీలిపచ్చో రంగులో దుప్పటిలా పరుచుకుని, అంచు పట్టి లేపితే చాపలాగా మొత్తం లేస్తుంది. దాని మందులు యాంటీబయాటిక్ తరహావి. నీలిగది గారు వర్ణించినది అది కాదు. డయాటమ్‌లూ కాదు. డయాటమ్ పొర పొడిగా దుమ్ములా ఉంటుంది, తీగలు సాగదు, నత్తల్ని చంపదు. మధ్యాహ్నానికి పెరిగి, రాత్రికి తగ్గి, బుడగలు పట్టుకుని, నీళ్ళు మారిస్తే రెచ్చిపోయేది డైనోఫ్లాజెలేట్ అనే ఏకకణ జీవి. మనం డైనోలు అంటాం.

ఊహ మీద నమ్మకం పెట్టుకోనక్కరలేదు, ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఆ పాచిని కొంచెం నీటితో సహా చిన్న సీసాలోకి పీల్చి, మూతపెట్టి పూర్తిగా విడిపోయేదాకా గట్టిగా ఊపండి. తరవాత కాఫీ వడపోత కాగితంలోంచి వడకట్టి, కిందికి దిగిన నీటిని లైటు కింద ఒక గంట కదపకుండా ఉంచండి. ఆ నీటిలో మళ్ళీ తీగలు కట్టుకుంటే అవి డైనోలే. కాగితంలోంచి దూరి వచ్చి తిరిగి ఒకదాన్నొకటి వెతుక్కుని అతుక్కోవడం వాటి పద్ధతి.

కానీ అసలు కావలసింది వాటి జాతి, దానికి సూక్ష్మదర్శిని తప్పదు. పిల్లలు బడిలో వాడే 400 రెట్ల పరికరం చాలు. నీటి బొట్టులో కణాలు ఎలా ఉన్నాయో, అంతకన్నా ముఖ్యంగా ఎలా కదులుతున్నాయో చూసి రాయండి. ఒక్క జాగ్రత్త. చేతొడుగులు లేకుండా ముట్టకండి, కళ్ళు నలుపుకోకండి.

నీలిగది | ఏప్రిల్ 2

పక్కింటి అబ్బాయి సూక్ష్మదర్శిని అడిగి తెచ్చాను. సీసాలో పాచి నలభై నిమిషాలకే మళ్ళీ తీగకట్టింది.

ఇక కటకం కింద చూసింది. మొదట ఏమీ అర్థం కాలేదు, తెల్లటి మసక మాత్రమే. అద్దాన్ని కొంచెం కొంచెంగా పైకి తిప్పుతుంటే ఒక్కసారిగా బొట్టంతా తేనెరంగు గింజలతో నిండిపోయింది. ఒక కొస గుండ్రంగా, మరో కొస మొనతేలి, అచ్చం నీటిబొట్టు ఆకారం. అవి ఈదుకుంటూ ఎటూ పోవడం లేదు. మొనతేలిన కొసను ఏదో కనిపించని దారంతో కట్టేసినట్టు, ఉన్నచోటనే గిరగిరా బొంగరంలా తిరుగుతున్నాయి. దాదాపు పావుగంట అలాగే చూస్తూ కూర్చున్నాను. నా నత్తల్ని చంపింది ఇదేనని తెలిసి కూడా చూపు తిప్పుకోలేకపోయాను.

సూక్ష్మదర్శిని | ఏప్రిల్ 2

ఇంతకన్నా మంచి వర్ణన అక్కరలేదు. అది ఆస్ట్రియాప్సిస్. కట్టేసిన దారం చుట్టూ తిరగడం దాని గుర్తు. కోడిగుడ్డు ఆకారంలో ఉండి, ముందు చిన్న ముక్కులాంటిది పొడుచుకొచ్చి, ఇసుక రేణువుల మధ్య జారుకుంటూ పోయేదైతే యాంఫిడీనియం అనుకోవాలి. ఈ తేడా మీదే వైద్యం ఆధారపడి ఉంది. ఆస్ట్రియాప్సిస్ రాత్రి కాగానే రాళ్ళు వదిలి నీటిలోకి లేస్తుంది కాబట్టి తన గుండా పోయే నీటి మీద అతినీలలోహిత కాంతి పడేసే యూవీ దీపం దాన్ని చంపగలదు. యాంఫిడీనియం ఇసుకలోనే ఉండిపోతుంది, దానికి యూవీ పెట్టినా పెట్టకపోయినా ఒకటే. అక్కడ సిలికేట్ వేసి డయాటమ్‌లను పెంచి పోటీకి దింపే పద్ధతి వాడతారు. ఉప్పుబకెట్ గారు వద్దన్న సిలికేట్‌నే మనం కావాలని పోసే సందర్భం అదొక్కటే.

చేతొడుగుల మాట ఎందుకన్నానో చెబుతాను. ఆస్ట్రియాప్సిస్ జాతుల్లో కొన్ని పాలిటాక్సిన్ కుటుంబానికి చెందిన విషాలు తయారుచేస్తాయి. 2005 వేసవిలో ఇటలీలోని జెనోవా తీరంలో ఇది విపరీతంగా పెరిగినప్పుడు, సముద్రపు తుంపర్లు పీల్చిన సుమారు 200 మంది జ్వరం, దగ్గు, ఆయాసంతో వైద్యం కోసం వెళ్ళారు. మీ నత్తలు పాచిని గీకి తిన్నాయి కాబట్టి ముందు అవే పడిపోయాయి. యాక్టివేటెడ్ కార్బన్ ఇవాళే వేసి వారానికోసారి మార్చండి. మిగిలిన నత్తల్ని సంప్‌లోకి మార్చండి.

నీళ్ళు మార్చడం పూర్తిగా ఆపండి. జీఎఫ్ఓ ఆపారనే అనుకుంటున్నాను. పోషకాలు లేని చోట మిగతా నాచులూ బ్యాక్టీరియా చిక్కిపోతాయి, డైనోలు మాత్రం దొరికినదాన్ని పట్టుకుని, అవసరమైతే ఇతర జీవుల్ని మింగి కూడా బతికేస్తాయి. పోటీదారుల్ని తిరిగి లేపడానికి నైట్రేట్ 5 నుంచి 10 మధ్య, ఫాస్ఫేట్ 0.1 దగ్గర నిలబెట్టాలి.

మీ 250 లీటర్లకు లెక్క ఇది. నైట్రేట్ 5 పీపీఎం పెరగాలంటే 1,250 మిల్లీగ్రాముల నైట్రేట్ కావాలి. సోడియం నైట్రేట్‌లో 85 వంతుల బరువుకు 62 వంతులు నైట్రేట్ కాబట్టి సుమారు 1.7 గ్రాములు వేయాలి. ఫాస్ఫేట్‌కు మోనోపొటాషియం ఫాస్ఫేట్ 1.8 గ్రాములు ఒక లీటరు ఆర్‌ఓ నీటిలో కరిగించి పెట్టుకోండి. అందులోంచి 10 మిల్లీలీటర్లు పోస్తే ట్యాంకులో 0.05 పెరుగుతుంది. ఒకేసారి కుమ్మరించకుండా రోజూ పరీక్షించి పోయండి. యూవీ దీపం పాతిక వాట్లదైనా ఉండాలి. దాన్ని సంప్‌లో కాకుండా, పై తొట్టిలోంచే నీరు తీసుకుని పై తొట్టిలోకే వదిలేలా, నెమ్మదైన ప్రవాహంతో పెట్టండి.

జీరోనీరు | ఏప్రిల్ 3

నా సలహా వల్లే ఇదంతా జరిగిందన్నట్టు అందరూ రాస్తున్నారు కాబట్టి రెండు మాటలు. నా ట్యాంకులో నిజంగానే ఆరేళ్ళుగా 0 చూపిస్తోంది, డైనోలు ఎన్నడూ రాలేదు.

పగడపుతోట | ఏప్రిల్ 3

మీరు అబద్ధం చెబుతున్నారని ఎవరూ అనలేదు. మీ ట్యాంకులో చేపలెన్ని? రోజుకు ఎన్నిసార్లు తిండి పెడతారు? రాళ్ళు ఎక్కడివి?

జీరోనీరు | ఏప్రిల్ 4

పదకొండు చేపలు, అందులో రెండు ట్యాంగ్‌లు. రోజుకు నాలుగుసార్లు తిండి. రాళ్ళు పాత ట్యాంకు నుంచి తెచ్చిన లైవ్ రాక్, ఇప్పుడు రాయిని పొరలా కప్పే ఊదారంగు కోరలైన్ నాచుతో నిండిపోయింది.

రాస్తుంటే నాకే అర్థమవుతోంది. నా మీటరు 0 చూపించేది లోపలికి వచ్చినదంతా వచ్చినట్టే పగడాలూ బ్యాక్టీరియా తినేస్తున్నందువల్ల. నీలిగది గారి సున్నా అసలు ఏమీ రాకపోవడం వల్ల వచ్చిన సున్నా. రెంటికీ ఒకే అంకె పడుతుంది. తిండి సగానికి తగ్గించమని చెప్పింది నేనే, నేనెప్పుడూ తగ్గించలేదు. క్షమించండి.

నీలిగది | ఏప్రిల్ 16

క్షమాపణ ఎందుకండీ, రెట్టింపు వేసింది నా చెయ్యి.

యూవీ పెట్టి తొమ్మిది రోజులైంది. నాలుగో రోజు ఉదయం రాళ్ళు మామూలు రంగులో కనిపించాయి. ఆరో రోజు మధ్యాహ్నం తీగలు పొట్టిగా, చెదురుమదురుగా ఉన్నాయి. ఇవాళ ఇసుక మీద అరచేతి వెడల్పు మచ్చ ఒకటే మిగిలింది. కటకం కింద బొట్టుకు రెండో మూడో తిరుగుతున్నాయి, అవి కూడా మునుపటంత చురుగ్గా లేవు.

ఫాస్ఫేట్ మాత్రం వింతగా ఉంది. రాత్రి 10 మిల్లీలీటర్లు పోస్తాను, గంట తరవాత చెకర్ 16 చూపిస్తుంది, తెల్లారేసరికి 3. వారం రోజులుగా ఇదే వరస. పోసినదంతా ఎక్కడికి పోతోంది?

పగడపుతోట | ఏప్రిల్ 16

మీ రాళ్ళు తాగేస్తున్నాయి. మార్చిలో నీటిలో లేకపోయేసరికి రాయి వదిలింది, జీఎఫ్ఓ దాన్ని లాగేసింది. ఇప్పుడు నీటిలో ఉండేసరికి రాయి పీల్చుకుంటోంది. అది నిండేదాకా చెకర్ నిలబడదు. విసుగు చెందకుండా పోస్తూ ఉండండి, కానీ మోతాదు పెంచకండి. రాయి నిండిన రోజున చెకర్ ఒక్కసారిగా పైకి పోతుంది, ఆ రోజు పరీక్ష మానేసి ఉంటే ఇబ్బంది.

చీటోబుట్ట | ఏప్రిల్ 18

సంప్‌లో చోటుంటే చీటోమోర్ఫా (చీటో) అనే పనికొచ్చే నాచు పెట్టి, పై లైట్లు ఆరిన వేళల్లో దానికి లైటు వెలిగించమని నా సూచన. రాత్రి పీహెచ్ పడిపోవడం తగ్గుతుంది, పోషకాలు మీరు చెప్పిన చోట పెరిగే నాచులోకి పోతాయి. నాచుతోనే నాచును అదుపు చేయడం కొత్త సంగతి కాదు, స్మిత్‌సోనియన్ సంస్థలో వాల్టర్ ఎడీ తన సముద్రపు తొట్లను ఆల్గల్ టర్ఫ్ స్క్రబ్బర్లతో (నాచును పెంచే జల్లెడలతో) శుభ్రం చేసి చూపించాడు. అయితే ఇప్పుడే వద్దు. పోషకాలు కష్టపడి నిలబెడుతున్న ట్యాంకులో చీటో పెడితే ఒక చేత్తో పోసి ఇంకో చేత్తో తోడినట్టే. డైనోలు పోయాక, నైట్రేట్ దానంతట అది 10 దాటడం మొదలుపెట్టాక పెట్టండి.

నీలిగది | జూన్ 21

రెండు నెలలు రాయలేదు, చెప్పుకోదగ్గది జరగలేదు కాబట్టి. మే రెండో వారం నుంచి కటకం కింద డైనోలు కనబడలేదు. ఫాస్ఫేట్ పోయడం మే 20న ఆపాను, ఇప్పుడు చేపల తిండితోనే 0.07 దగ్గర నిలుస్తోంది, నైట్రేట్ 6.

జుట్టు నాచు మళ్ళీ వచ్చింది. ఈసారి భయపడలేదు, నిజం చెప్పాలంటే మొదటి పచ్చ పోగు చూసి ఊరట పొందాను. ఎడమవైపు పెద్ద రాయి మీద గుత్తులుగా లేచింది. ప్రతి ఆదివారం వేళ్ళతో పీకుతూ, పైపు నోటిని పక్కనే పట్టుకుని ముక్కలన్నీ పీల్చేస్తున్నాను. మొదటి ఆదివారం పిడికెడు వచ్చింది, నిన్న చిటికెడు. ఇరవై రెండు ట్రోకస్‌లు, ఒక టక్సీడో అర్చిన్ ఉన్నాయి. ఆ అర్చిన్ ఎక్కడికి పోయినా ఒక జోయాంథిడ్ ఫ్రాగ్‌ను నెత్తిన టోపీలా మోసుకుపోతోంది, రోజూ సాయంత్రం దాన్ని వెతికి వెనక్కి పెట్టడం ఒక పనైంది. అది గీకిన చోట తెల్లటి దారి పడుతోంది, ఆ దారి పది రోజులకు ఊదారంగు చుక్కలతో నిండుతోంది. మాంటిపోరా అంచున కొత్త పెరుగుదల తెల్లగా కనిపిస్తోంది.

ఒక సందేహం. గత వారం తెచ్చిన ఫ్రాగ్ దిమ్మ కింద, బఠాణీ గింజంత, గాజుగోళీలా మెరిసే పచ్చటి బుడగ ఒకటి ఉంది. నొక్కితే గట్టిగా తగులుతోంది.

నత్తలగుంపు | జూన్ 21

నొక్కకండి! అది వాలోనియా, బుడగ నాచు. మీరు చూస్తున్న బఠాణీ మొత్తం ఒకే ఒక్క కణం. పగిలితే బీజాలు చిమ్ముతాయని కొందరూ, అది అతిశయోక్తి అని కొందరూ ఏళ్ళ తరబడి వాదించుకుంటున్నారు. ఆ వాదన మీ ట్యాంకులో తేల్చుకోవడం ఎందుకు? ఫ్రాగ్‌ను బయటికి తీసి, గిన్నెడు ట్యాంకు నీళ్ళలో పెట్టి, బుడగ మొదలు కిందికి సన్నటి స్క్రూడ్రైవర్ మొన పోనిచ్చి, పునాదితో సహా పెకలించండి. దిమ్మను బ్రష్‌తో రుద్ది, ఆ నీళ్ళు పారబోయండి. ఎమరాల్డ్ పీత దీన్ని తింటుంది కానీ ఒక్క బుడగకు పీతను తేనక్కరలేదు. ఆ పీతకు ఆకలేస్తే ఇంకా ఏమేమి తింటుందో మనకు హామీ లేదు.

పగడపుతోట | జూన్ 21

ఆ ఫ్రాగ్ పక్కన ఉన్న వాటి దిమ్మలు కూడా తిరగేసి చూడండి, నీలి లైటు ఆపి తెల్ల లైటులో.

నీలిగది | జూన్ 22

తీసేశాను, పగలకుండా వచ్చింది. తెల్ల లైటులో మిగతా దిమ్మలు తిరగేస్తే హ్యామర్ దిమ్మ పగులులో ఆవగింజంతవి ఇంకో రెండు ఉన్నాయి. వాటినీ తీశాను. టోపీ పెట్టుకున్న అర్చిన్ ఈ గొడవ జరుగుతున్నంతసేపూ పైపు మీద కూర్చుని ఉంది, జోయాంథిడ్ ఫ్రాగ్ ఇంకా దాని నెత్తినే ఉంది.